అద్దం ఖాళీ చేసిన చోట పాత లెన్స్

సోవియట్ కాలపు హీలియోస్ 44-2 లెన్స్‌ని ఇప్పటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాకి బిగించాలంటే మధ్యలో ఒక మెటల్ రింగు ఉంటే చాలు. దాన్నే అడాప్టర్ అంటున్నాం. చేతిలోకి తీసుకుని అందులోంచి చూడండి, అవతలి గోడ కనిపిస్తుంది. గాజు లేదు, వైర్లు లేవు, చిప్ లేదు, ఉన్నదల్లా ఖాళీ గొట్టం. అది చేసే పని ఒకటే: లెన్స్‌ని సెన్సర్‌కి ఎంత దూరంలో ఉంచాలో సరిగ్గా అంత దూరంలో నిలబెట్టడం. నాకు ఈ విషయం అర్థమైన రోజున పాత లెన్సుల గురించి సగం అర్థమైపోయినట్టు అనిపించింది.

కెమెరాకి లెన్స్ ఆనుకునే లోహపు అంచు నుంచి ఫిల్మ్ (ఇప్పుడైతే సెన్సర్) దాకా ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. లెన్స్ బిగించే ఆ అమరికని మౌంటు అంటారు, ఒక్కో మౌంటుకి ఇది ఒక్కోలా ఉంటుంది. హీలియోస్‌లా స్క్రూ తిప్పినట్టు తిప్పి బిగించే ఎం42 లెన్సులకి 45.46 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్‌కి 46.5, మినోల్టా ఎస్‌ఆర్‌కి 43.5, కెనాన్ ఎఫ్‌డికి 42. ఇంత దూరం ఎందుకంటే, ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఏటవాలుగా ఒక అద్దం ఉండేది, లెన్స్‌లోంచి వచ్చిన వెలుగుని అది పైకి మళ్లించి మన కంటికి చేర్చేది, బటన్ నొక్కగానే టక్కున పైకి లేచి ఫిల్మ్‌కి దారి ఇచ్చేది. అది లేవడానికి, దిగడానికి చోటు కావాలి కదా. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దమే లేదు, సెన్సర్ మీద పడిందే తెర మీద కనిపిస్తుంది. దాంతో మౌంట్ సెన్సర్‌కి బాగా దగ్గరికి జరిగింది: సోనీ ఈకి 18, కెనాన్ ఆర్‌ఎఫ్‌కి 20, నికాన్ జడ్‌కి 16 మిల్లీమీటర్లే. 45.46లోంచి 18 తీసేస్తే 27.46. ఎం42 లెన్స్‌ని సోనీకి బిగించే రింగు మందం అదే.

ఈ మందంలో చిన్న తేడా వచ్చినా ఏమవుతుందో లెక్కేసి చూద్దాం. 50 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్ మీటరు దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ అవ్వాలంటే ఇన్ఫినిటీ స్థానం నుంచి సుమారు 2.6 మిల్లీమీటర్లు ముందుకి జరగాలి. అంటే అనంతమైన దూరం నుంచి ఒక మీటరు దాకా ఉన్న ప్రపంచమంతా ఆ రెండున్నర మిల్లీమీటర్లలో ఇమిడిపోయింది! రింగు ఒక మిల్లీమీటరు ఎక్కువ మందం ఉంటే రెండున్నర మీటర్ల అవతల ఉన్నదేదీ స్పష్టంగా రాదు. పదో వంతు మిల్లీమీటరు ఎక్కువైతే హద్దు 25 మీటర్లు. అదే తేడా 28 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్‌కి వస్తే ఎనిమిది మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. నేను మొదట కొన్న అడాప్టర్‌తో చందమామ ఎంత తిప్పినా మసకగానే వచ్చింది, లెన్స్ పాడైందనుకుని చాలా టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే తప్పు రింగుది. అందుకే చాలా అడాప్టర్లని కావాలనే ఒక పిసరు పల్చగా చేస్తారు. అప్పుడు ఫోకస్ రింగు ఇన్ఫినిటీ దాటి ఇంకాస్త తిరుగుతుంది. దూరంగా ఉన్న కొండని తీస్తున్నప్పుడు ఫోకస్ రింగుని చివరిదాకా తిప్పేసి వదిలేస్తే కొండ మసకబారుతుంది, తెర మీద పెద్దది చేసి చూసుకుని ఆపాలి. లెన్స్ మీద చెక్కిన మీటర్ల అంకెల్ని కూడా పూర్తిగా నమ్మొద్దు.

కెనాన్ ఎఫ్‌డి లెన్సుల సంగతే తీసుకోండి. 1987లో కెనాన్ కంపెనీ ఈఓఎస్ కెమెరాలతో పాటు ఈఎఫ్ అనే కొత్త మౌంట్ తెచ్చింది, దాని దూరం 44. ఎఫ్‌డిది 42. రెండు మిల్లీమీటర్లు తక్కువ! రింగుకి మందం కాదు, లెన్స్‌ని కెమెరా లోపలికి దింపే లోతు ఉండాలి, అది కుదిరే పని కాదు. మామూలుగా బిగిస్తే 50 మిల్లీమీటర్ల లెన్స్ 1.3 మీటర్ల అవతల ఫోకస్ అవ్వదు, లేదా మధ్యలో అదనంగా గాజు పెట్టి నాణ్యత కొంత వదులుకోవాలి. దాంతో ఎన్నో మంచి లెన్సులు ఏళ్ల తరబడి బీరువాల్లో ఉండిపోయాయి. మిర్రర్‌లెస్ వచ్చాక అవే లెన్సులు ఏ గాజూ అక్కర్లేకుండా ఇన్ఫినిటీ దాకా పనిచేస్తున్నాయి. నాకు ఇది నిజంగా సంతోషం కలిగించే విషయం.

వాడటం పెద్ద కష్టమేం కాదు. లెన్స్ ఉన్నట్టు కెమెరాకి తెలియదు కాబట్టి మెనూలో లెన్స్ లేకపోయినా షటర్ పడేలా పెట్టుకోవాలి. వణుకుని సరిచేసే సెన్సర్ ఉంటే దానికి ఫోకల్ లెంగ్త్ మనమే చెప్పాలి. అంచులకి రంగు పూసి చూపించే ఫోకస్ పీకింగ్ ఉంటుంది, కాంట్రాస్ట్ ఎక్కడ ఎక్కువగా మారుతోందో వెతికి అక్కడ రంగు వేస్తుంది, కానీ ఎఫ్/1.4 లాంటి పెద్ద అపెర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) దగ్గర అది కనురెప్పకీ కనుబొమ్మకీ కలిపి రంగు పూసేస్తుంది. కంటి మీదే ఫోకస్ కావాలంటే బొమ్మని పెద్దది చేసి చూడటం తప్ప దారి లేదు.

ఇక పాత లెన్స్ బొమ్మ ఎందుకు వేరుగా ఉంటుంది? కోటింగ్ లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు నాలుగు శాతం వెలుగుని తిప్పికొడుతుంది. హీలియోస్ లాంటి లెన్స్‌లో గాలిని తాకే ఉపరితలాలు ఎనిమిది, అంటే కోటింగ్ లేకపోతే పావు వంతుకి పైగా వెలుగు పోయినట్టే, పైగా అందులో కొంత లోపలే అటూ ఇటూ కొట్టుకుని బొమ్మ మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. 1935లో జర్మనీ లెన్స్ కంపెనీ జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా పలుచని పొర పూసి దీన్ని తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. అయితే ఒకే పొర ఉంటే అది ఒక రంగు వెలుగుకే బాగా పనిచేస్తుంది, మిగతా రంగులు కొంత తిరిగొస్తాయి, పాత లెన్స్ ముఖం మీద ఊదా, నీలం మెరుపు అదే. ఎదురెండలో ఆ మెత్తని కాంతి వచ్చేది కూడా అందుకే.

జైస్ బయోటార్ డిజైన్ నుంచి పుట్టిన హీలియోస్ 44కి ఫొటోలో సుడి తిరిగినట్టుండే నేపథ్యం అంటే పేరు. అంచుల వైపు నుంచి ఏటవాలుగా వచ్చే వెలుగుని లెన్స్ ముందు అంచూ వెనక అంచూ చెరో పక్క కోసేస్తాయి, గుండ్రంగా రావాల్సిన మసక చుక్క పిల్లి కన్నులా సన్నబడుతుంది, ఆ కన్నులన్నీ మధ్య బిందువు చుట్టూ వలయంలా పేరుకుంటాయి. వెనక ఆకుల సందుల్లోంచి వెలుగు పడుతుంటే చెట్టంతా తిరుగుతున్నట్టే ఉంటుంది. కానీ ఇది అంచుల్లో జరిగే పని కాబట్టి ఏపీఎస్-సి అనే చిన్న సెన్సర్ మీద చాలా భాగం కత్తిరించుకుపోతుంది, 2013లో సోనీ ఏ7 లాంటి ఫుల్ ఫ్రేమ్ (ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్ కెమెరా వచ్చాకే చాలామందికి దాని అసలు రూపం కనిపించింది.

పెంటాక్స్ కంపెనీ చేసిన కొన్ని టకుమార్ 50 ఎఫ్/1.4 లెన్సుల్లో థోరియం కలిపిన గాజు ఉంది. వెలుగుని బాగా వంచుతూనే రంగుల్ని తక్కువగా చీల్చే గాజు కావాలి, థోరియం ఆ రెండూ ఇచ్చింది. అది స్వల్పంగా రేడియోధార్మికమైనది, దశాబ్దాల తర్వాత ఆ వికిరణానికి గాజు పసుపుపచ్చగా మారుతుంది. అతినీలలోహిత కాంతి కింద కొన్ని రోజులు పెడితే పసుపు చాలావరకు వదులుతుంది. ఎండలో పెట్టేవాళ్లు మాత్రం జాగ్రత్త, లెన్స్ భూతద్దంలా పనిచేసి నిప్పు పుట్టించగలదు. ఆ గాజుని పగలగొట్టడం, అరగదీయడం చేయకండి, పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

అన్ని పాత లెన్సులూ ఇంత సులువుగా కుదరవు. ఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు అద్దానికి చోటిచ్చి దూరంగా ఉండాల్సి వచ్చింది కాబట్టి వాటి నుంచి వెలుగు సెన్సర్ మీద కాస్త నిటారుగానే పడుతుంది. లెన్స్‌లోంచి కాకుండా పక్కనున్న వేరే కిటికీలోంచి చూసే రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో ఆ అద్దం లేదు, లైకా ఎం ఫ్లాంజ్ దూరం 27.8 మాత్రమే, వాటి వైడ్ లెన్సుల్లో వెనక గాజు ఫిల్మ్‌కి బాగా దగ్గరగా ఉంటుంది. మూలలకి వెలుగు బాగా వాలుగా చేరుతుంది. ఫిల్మ్ దాన్ని పట్టించుకోలేదు, కానీ సెన్సర్ మీద రక్షణగా గాజు పలక ఉంటుంది, వాలుగా వచ్చిన కిరణం అందులో పక్కకి జరిగి మూలలు అలికేసినట్టు వస్తాయి, ఒక్కోసారి ఊదా రంగు కూడా దిగుతుంది. కాబట్టి మొదటి పాత లెన్స్‌గా ఎస్‌ఎల్‌ఆర్ కాలపు 50 గానీ 58 గానీ మిల్లీమీటర్ల లెన్స్ తీసుకోండి, కొనేముందు వెనక నుంచి టార్చి వేసి సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడండి, అపెర్చర్ రేకుల మీద నూనె మరకలుంటే వదిలేయండి, రింగు వచ్చాక ఆ రాత్రే ఒక నక్షత్రం మీద ఫోకస్ పెట్టి అది చుక్కగా వస్తోందో లేదో చూసుకోండి.