రెండు హైదరాబాద్‌లు, ఒక ప్లాస్మిడ్

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా అబ్బాయికి టైఫాయిడ్. డాక్టరుగారు 10 రోజులకు యాంటీబయాటిక్ రాశారు. ఆరో రోజుకే జ్వరం పోయింది. కోర్సు మధ్యలో మానేస్తే క్రిములు మందుకు అలవాటు పడతాయంటున్నారు. నిజమేనా?"

మందు రాసినన్ని రోజులూ వేయించండి. టైఫాయిడ్ బాక్టీరియా మన రక్షక కణాల లోపలే, ఎముక మజ్జలో కూడా, దాక్కుంటుంది. జ్వరం పోయినా అది ఇంకా మిగిలి ఉండవచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. అయితే ఆ "అలవాటు పడటం" అనే భయం బాగా సరిపోయేది క్షయ వ్యాధికి.

క్షయ బాక్టీరియాలో ఐసోనియాజిడ్ అనే మందును తట్టుకునేది సుమారు 10 లక్షల్లో ఒకటి పుడుతుంది. రిఫాంపిసిన్ అనే మరో మందును తట్టుకునేది సుమారు 10 కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలోని ఒక్క పుండులోనే 10 కోట్ల దాకా క్రిములు ఉండవచ్చు కనుక, ఒకే మందు ఇస్తే దాన్ని తట్టుకునేది ముందే అక్కడ కూర్చుని ఉంటుంది. రెండు మందులూ కలిపి ఇస్తే, రెండింటినీ తట్టుకునేది కోటి కోట్లలో ఒకటి! అన్ని క్రిములు ఏ రోగిలోనూ ఉండవు. ఈ గుణకారం ఎంత అందమైనదో! మందులు కలిపి, నెలల తరబడి, విడవకుండా వేయాలనడం వెనుక ఉన్నది ఇదే. క్షయ క్రిమి ఆ శక్తిని ఇతర జాతుల నుంచి తెచ్చుకోదు, సొంత జన్యువుల్లో మార్పు వస్తేనే సంపాదిస్తుంది.

ఇలాంటి భయాన్నే మనం అన్ని జబ్బులకూ అంటగట్టాం. 1945లో, పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన నోబెల్ ఉపన్యాసంలో, గొంతు నొప్పికి చాలీచాలని పెన్సిలిన్ వేసుకుని స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాను మొండిగా మార్చిన ఒక కల్పిత రోగి కథ చెప్పారు. ఎనభై ఏళ్లు గడిచినా గొంతు నొప్పి తెచ్చే ఆ స్ట్రెప్టోకాకస్ ఇప్పటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు "కోర్సు పూర్తి చేయండి" అన్న సలహాకు చాలా జబ్బుల్లో ఆధారం లేదని రాశారు. ఆ చర్చ ఇంకా సాగుతోంది.

నాకు వారి వాదనే సబబనిపిస్తుంది, ఎందుకంటే అసలు కథ పేగుల్లో నడుస్తుంది. మాత్ర మింగితే దెబ్బ జబ్బు క్రిమి ఒక్కదానికే తగలదు, పేగుల్లో కాపురముంటున్న లక్షల కోట్ల బాక్టీరియాకూ తగులుతుంది. మందు వేసుకున్నాక విరేచనాలైతే "వేడి చేసింది" అంటాం. చాలాసార్లు అది ఆ కాపురం చెదిరిన ఫలితమే. చావగా మిగిలినవి మందును తట్టుకునేవి. అవే పెరుగుతాయి, ఎన్ని ఎక్కువ రోజులు వేస్తే అంతగా.

మిగిలినవి ఊరుకోవు. పొరుగింటికి పెరుగు తోడు ఇస్తే మన గిన్నెలో పెరుగు తరగదు, వాళ్ల గిన్నె నిండుతుంది, రేపు వాళ్లు మరొకరికి ఇస్తారు. బాక్టీరియాలో ఆ తోడు పేరు ప్లాస్మిడ్, ఒక చిన్న డీఎన్ఏ వలయం. రిలాక్సేజ్ అనే ఎంజైము ఆ వలయంలోని రెండు పోగుల్లో ఒకదాన్ని తెంపుతుంది. తెగిన పోగు సన్నని దారి గుండా పక్క కణంలోకి జారుతుంది. ఇచ్చిన కణం, పుచ్చుకున్న కణం రెండూ తమ దగ్గరున్న ఒంటి పోగుకు జత అల్లుకుంటాయి. కొద్ది నిమిషాల్లో ఒకటి రెండవుతుంది. పుచ్చుకునేది వేరే జాతిదైనా ఫర్వాలేదు. పైగా ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు ఉండవచ్చు కనుక, ఒక మందు వాడితే మిగతా మందుల మొండితనమూ వెంట పెరుగుతుంది. కొన్ని ప్లాస్మిడ్లు విషాన్నీ విరుగుడునూ కలిపి తయారుచేస్తాయి. విరుగుడు త్వరగా కరిగిపోతుంది, విషం నిలిచి ఉంటుంది. అందుకే ప్లాస్మిడ్‌ను పోగొట్టుకున్న పిల్ల కణం చస్తుంది. మన పాఠాల్లో ఇంత గొప్ప విషయాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, నాకు చాలా బాధగా ఉంటుంది.

2016లో మన ఊరి పేరే ఉన్న మరో నగరంలో, పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌లో, సెఫ్ట్రియాక్సోన్ అనే ఇంజెక్షన్ యాంటీబయాటిక్‌కు కూడా లొంగని టైఫాయిడ్ బయటపడింది. జన్యువులు చదివి చూస్తే దానిలో ఒక ప్లాస్మిడ్ దొరికింది. దాని మీద సెఫ్ట్రియాక్సోన్‌ను విరగ్గొట్టే ఎంజైము జన్యువు, సిప్రోఫ్లోక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ నుంచి కాపాడే జన్యువు రెండూ ఉన్నాయి. పేగుల్లో ఉండే ఇ.కోలై అనే బాక్టీరియాలో కనిపించే ప్లాస్మిడ్లకూ దానికీ పోలిక ఎంతో దగ్గర. నోటి ద్వారా ఇవ్వగల మందుల్లో నమ్మదగినది అజిత్రోమైసిన్ మాత్రమే మిగిలింది.

అక్కడి పిల్లలకు వ్యాప్తిని ఆపడానికి వేసిన టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసినది. 2019లో పాకిస్తాన్ ఈ రకం టీకాను పిల్లల సాధారణ టీకాల్లో చేర్చింది, ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. టీకా వల్ల జ్వరం రాని బిడ్డకు ఆ యాంటీబయాటిక్ అక్కర్లేదు, పేగులోని ఇ.కోలైకి ఆ దెబ్బా తగలదు.

ఎన్ని రోజులన్నది జబ్బును బట్టి ఉంటుంది. సాధారణ న్యుమోనియా త్వరగా తేరుకుంటే 5 రోజులు చాలు, మామూలు క్షయకు 6 నెలలు కావాలి. మీ అబ్బాయి కోలుకున్నాక టైఫాయిడ్ టీకా ఎప్పుడు వేయించాలో డాక్టరుగారిని అడగండి. ఒకసారి వచ్చిన టైఫాయిడ్ మళ్లీ రాదన్న భరోసా లేదు.