పీజీలకు ప్రాబ్లెమ్ బేస్డ్ లెర్నింగ్: డెంటల్ కాలేజీలో రోజూ వినే అపోహలు

నేను బెంగళూరులో ఎండీఎస్ (డెంటల్ పీజీ కోర్సు) చదివే పీజీలకు పెరియో, అంటే చిగుళ్ల విభాగం, చెబుతుంటాను. మా ఓపీడీకి హిందూపురం, మదనపల్లె వైపు నుంచి తెలుగువాళ్లు బాగానే వస్తారు. పీజీలకిచ్చే కేసులు కూడా అలాంటి నోళ్లను దృష్టిలో పెట్టుకునే రాస్తాం.

అపోహ: ప్రాబ్లెమ్ బేస్డ్ లెర్నింగ్ అంటే కేస్ ప్రజెంటేషనే, పేరు మార్చారంతే.

వాస్తవం: ప్రజెంటేషన్‌లో డయాగ్నసిస్ తేలిపోయాకే స్లైడ్లు వేస్తారు. ఇక్కడ ముందు సమస్య, తర్వాత చదువు. ఏడెనిమిది మంది కూర్చుని తెలిసింది చెప్పుకుంటారు, తెలియనిది బోర్డు మీద రాసుకుంటారు. ఎవరి వాటా వాళ్లు చదువుకొచ్చి మళ్లీ కూర్చుంటారు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో మెడికల్ విద్యార్థులతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. స్వీడన్‌లోని మాల్మో డెంటల్ స్కూల్ 1990లో కోర్సు మొత్తాన్నీ ఈ దారికి మార్చింది.

అపోహ: నాలుగు డిపార్ట్‌మెంట్ల పీజీలను ఒక గదిలో కూర్చోబెడితే ఇంటర్‌డిసిప్లినరీ, అంటే విభాగాలన్నీ కలిసి చేసే పని, అయిపోతుంది.

వాస్తవం: అవదు. నలుగురూ నాలుగు సెమినార్లు చెప్పి వెళ్లిపోతారు, అంతే.

మేం రాసుకున్న ఒక కేసు చూడండి. యాభై ఐదేళ్ల ఆవిడ, బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటోంది, షుగర్ కూడా ఉంది. పై ముందుపళ్లు జరిగి సందొచ్చింది, చిగురు పళ్ల మీదికి పెరిగింది, పక్కన ఒక పన్ను లేదు. ఆవిడ మాట ఇది: "ఈ సందు మూసి, ఆ పన్నొకటి పెడితే చాలమ్మా. నెలాఖరుకు మా పాప పెండ్లి."

ఆర్థో (పళ్ల వరస సరిచేసే విభాగం) పీజీ క్లిప్పులంటాడు. ప్రాస్తో (కట్టుడు పళ్ల విభాగం) అమ్మాయి బ్రిడ్జి అంటుంది. ఎండో (రూట్ కెనాల్ విభాగం) పీజీ ఎక్స్‌రే చూడందే మాట్లాడనంటాడు. మావాళ్లు సరే, ఎవరొచ్చినా ముందు క్లీనింగే. అప్పుడు ఒక్కటే అడుగుతాను: రేపు పొద్దున ఈవిడ కుర్చీలో కూర్చుంటే మొదట చెయ్యి పెట్టేదెవరు? తర్వాత ఎవరు, ఎన్ని వారాలకు?

వరస అడిగేసరికి పుస్తకాలు తెరుచుకుంటాయి. చిగురు వాపు తగ్గకుండా పన్ను జరిపితే ఎముక ఇంకా పోతుంది, కాబట్టి క్లిప్పులు ఆగాలి. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, ఆ జబ్బు తిరిగి షుగర్‌ను పెంచుతుంది, కాబట్టి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) కావాలి. చిగురు పెరగడంలో ఆమ్లోడిపిన్ చెయ్యి ఉండొచ్చు, కానీ ఆ బిళ్ల మార్చాల్సింది బీపీ చూసే డాక్టరే. మరి ఆయనకు ఉత్తరం? పీజీలు రాసేది 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' ఒక్క ముక్క! ఏం అనుమానిస్తున్నాం, ఏ మందు గురించి అడుగుతున్నాం అని రాయించడానికే ఒక పూట పడుతుంది. పెళ్లి సంగతి మాత్రం ప్రాస్తో అమ్మాయే తేల్చింది: తాత్కాలికంగా తీసి పెట్టుకునే పన్ను.

అపోహ: టీచర్‌కు పని తక్కువ.

వాస్తవం: లెక్చర్ చెప్పడమే సుఖం. జవాబు నాలుక చివర ఉండగా నోరు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ఇంకోటి, ఆ గదిలో హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ పెద్ద) ఉండకపోతేనే మంచిది. ఆయన తల ఊపిన వైపే అందరి ఓటూ పడుతుంది.

అపోహ: ఇక లెక్చర్లు దండగ.

వాస్తవం: కాదు. అనాటమీని చర్చించి కనిపెట్టక్కర్లేదు. చేతి పని కూడా కుర్చీ దగ్గరే వస్తుంది.

అపోహ: పరీక్షలో రాదు కాబట్టి టైం వేస్ట్.

వాస్తవం: ఇది సగం నిజమే. మార్కులు లేకపోతే ఫైనలియర్ వాళ్లు థీసిస్ టెన్షన్‌లో రారు, వాళ్లను తప్పుపట్టలేం. అందుకే ట్రీట్‌మెంట్ వరస, డాక్టర్‌కు రాసిన ఉత్తరం రెండూ లాగ్‌బుక్‌లో అతికించి, రెండు డిపార్ట్‌మెంట్ల స్టాఫ్‌తో సంతకం చేయించాలని పెట్టాం. సంతకం కోసమైనా పక్క డిపార్ట్‌మెంట్ గుమ్మం తొక్కుతున్నారు.