డిజైన్ కాగితంతో కార్డులు, ఇంటి అలంకరణ: నా బల్ల దగ్గర వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

శ్రావణం వచ్చిందంటే మా ఇంటికి రెండు రకాల వాళ్ళు వస్తారు. కార్డులు చేసిపెట్టమని అడిగేవాళ్ళు కొందరు. ఇంట్లో చేసుకున్న కార్డు అప్పడంలా వంకరపోయిందని పట్టుకొచ్చేవాళ్ళు కొందరు. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో పదహారేళ్ళుగా ఇదే నా పని. శుభలేఖలు, సీమంతం కార్డులు, ఫోటో ఫ్రేములు, గోడకి తగిలించే బొమ్మలు, గుమ్మానికి కాగితపు తోరణాలు చేస్తాను. ఇన్నేళ్ళుగా అవే నాలుగు మాటలు అందరి నోటా వింటున్నాను. వాటిని నమ్మి మంచి కాగితం పాడుచేసుకున్నవాళ్ళని చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: క్రాఫ్ట్ పేపర్ అంటే పూల డిజైన్లున్న కాగితం

తెలుగులో రాసినప్పుడు రెండు వేరు వేరు మాటలు ఒకటైపోతాయి. ఒకటి చేతిపని అనే అర్థంలో వాడే క్రాఫ్ట్. రెండోది జర్మన్ మాట, దానికి బలం అని అర్థం. ఈ రెండోదే మనం పుస్తకాలకి అట్టలేసుకునే ఖాకీ కాగితం. 1879లో కార్ల్ డాల్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతిలో కలపని ఉడికిస్తే నార పొడుగ్గా, గట్టిగా నిలుస్తుంది. అందుకే ఆ కాగితం అంత తొందరగా చిరగదు. ఫోన్లో ఆర్డరిచ్చేటప్పుడు ఈ తేడా చెప్పకపోతే పూల కాగితం అడిగినవాళ్ళకి ఖాకీ కట్ట వస్తుంది.

వచ్చినా బెంగపడకండి. నాకు ఖాకీ అంటే చాలా ఇష్టం. మార్గశిర గురువారాల్లో మా వీధిలో ఒడియా వాళ్ళ గోడల మీద బియ్యప్పిండితో వేసే ఝోటి ముగ్గు చూసే ఉంటారు. ఖాకీ మీద తెల్ల జెల్ పెన్నుతో ఆ కంకులు, ఆ లక్ష్మీపాదాలు వేస్తే మట్టిగోడ మీద వేసినట్టే ఉంటుంది. ఏ ఖరీదైన డిజైన్ కాగితమూ దానికి సాటిరాదని నా అభిప్రాయం.

అపోహ: ఫెవికాల్ ఎంత ఎక్కువ పూస్తే అంత గట్టిగా పడుతుంది

నా దగ్గరికొచ్చే వంకర కార్డుల్లో చాలావాటికి జబ్బు ఇదే. తెల్ల జిగురులో నీళ్ళుంటాయి. డిజైన్ కాగితం వెనక అది పూయగానే కాగితం నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఉబ్బిన కాగితాన్ని మనం అట్ట మీద పరిచి అంటించేస్తాం. ఆరేటప్పుడు అది మళ్ళీ ముడుచుకుంటుంది. అప్పటికే అట్టని పట్టుకుని ఉంది కాబట్టి అట్టని కూడా తనతో లాక్కుపోతుంది. తప్పు అట్టది కాదు, దాని మీద కాగితం ఆరింది, అంతే.

నేను పని మొదలెట్టిన ఏడాది ఓ ఒడుగు కోసం వంద కార్డులు చేశాను. బయట ముసురు. రాత్రంతా కూర్చుని అంటించి, బల్ల మీద విడివిడిగా పరిచి పడుకున్నాను. పొద్దున లేచేసరికి వందా దోసెల్లా అంచులు లేపుకుని ఉన్నాయి. కాగితం డబ్బులు పోయాయి, ఆ ఇంటివాళ్ళకి ఇచ్చిన మాటా పోయింది. మా వీధి చివర పుస్తకాలు బైండింగ్ చేసే ముసలాయన వచ్చి చూసి, "వెనకవైపు ఏం అంటించావమ్మా?" అని ఒక్క మాటే అడిగారు. నేను వెనక ఏమీ అంటించలేదు.

ఆయన చెప్పింది ఈ రోజుకీ చేస్తున్నాను. అట్టకి ముందు ఒక కాగితం అంటిస్తే, వెనక కూడా అంతే మందమున్న కాగితం, అదే దిక్కుగా అంటించాలి (ఈ దిక్కేమిటో కింద మడతల దగ్గర చెబుతాను). అప్పుడు రెండు వైపుల లాగుడూ సరిసమానమై అట్ట తిన్నగా ఉంటుంది. జిగురు పలుచగా, బ్రష్షుతో మధ్యలోంచి అంచులకి లాగుతూ పూయాలి. అంటించాక పైన ఓ తెల్లకాగితం పరిచి, బరువైన పుస్తకాలు పెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. వానాకాలంలో నేను రెండు రాత్రులు ఉంచుతాను. చిన్న కార్డు మీద పైపొరకి అసలు తడి జిగురు వాడను. డబుల్ సైడ్ టేపు చాలు, దాంట్లో నీళ్ళుండవు.

పొరలు పొరలుగా అతికి గట్టి కార్డు చేయడం మన ప్రాంతానికి కొత్త విద్యేమీ కాదు. ఒడిశా గంజప పేక ముక్కలు గుండ్రంగా ఉంటాయి కదా, వాటిని గుడ్డ పొరలు చింతగింజల బంకతో అతికి, సుద్ద పూసి చేస్తారు. ఒక్కో రంగుకి పన్నెండు ముక్కల లెక్కన ఎనిమిది రంగుల పేకకి 96, పది రంగులదానికి 120 ముక్కలు. అన్నీ ఒకే మందంలో, తిన్నగా రావాలి. ఆ చేతులు ఎంత నేర్పరివో తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

మైదా లై, అంటే మైదా ఉడికించి చేసే జిగురు, దాని సంగతి కూడా చెప్పాలి. బైండింగ్ వాళ్ళు లై ఉడికించేటప్పుడు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలతో చేయించే పనికి వద్దు. పిల్లల పనికి ఉత్త మైదా లై చాలు, ఏ రోజు లై ఆ రోజే ఉడికించుకుని వాడేయండి.

అపోహ: కాగితం దళసరిగా ఉంటే మడత బాగా వస్తుంది

జిఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. పదహారు ఎ4 కాగితాలు కలిపితే దాదాపు ఒక చదరపు మీటరు. అంటే జిరాక్సుకి వాడే 80 జిఎస్ఎం కాగితం ఒక్కోటి 5 గ్రాములు. 300 జిఎస్ఎం కార్డు ఒక్కటే 18.7 గ్రాములు. మామూలు ఉత్తరానికి తపాలా తూకంలో మొదటి మెట్టు 20 గ్రాములు. దళసరి కార్డు చేసి, దాని మీద నాలుగు పొరలు అంటించి, కవర్లో పెట్టి పంపితే ఆ మెట్టు ఎప్పుడో దాటేసి ఉంటుంది. పోస్టులో వేసే కార్డులకి నేను 200, 220 దాటను.

మడత బాగా రావాలంటే చూడాల్సింది దళసరి కాదు, గ్రెయిన్, అంటే పోగు దిక్కు. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నార పోగులు మిషను నడిచే దిక్కుకి పడుకుంటాయి. కుట్టుపనిలో గుడ్డకి నిలువూ అడ్డం చూసుకున్నట్టే కాగితానికీ చూసుకోవాలి. పోగు వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది. పోగుకి అడ్డంగా మడిస్తే దళసరి కార్డు మడత మీద పగిలి తెల్ల గీత బయటపడుతుంది. తెలుసుకోవడం తేలికే. కాగితాన్ని మడవకుండా రెండు అరచేతుల మధ్య మెల్లగా వంచండి, ముందు నిలువునా, తర్వాత అడ్డంగా. ఏ వైపు మెత్తగా లొంగితే ఆ మడతకి సమాంతరంగా పోగు ఉన్నట్టు. తడి తగిలినప్పుడు కాగితం ఉబ్బేది కూడా ఎక్కువగా పోగుకి అడ్డంగానే. పైన చెప్పిన వంకరకీ దీనికీ అక్కడే లంకె.

అంగట్లో దొరికే ఎ4 కాగితాల్లో ఎక్కువవాటికి పోగు పొడుగు దిక్కుగా ఉంటుంది. మనం దాన్ని సగానికి మడిచి కార్డు చేస్తాం. అంటే పోగుకి అడ్డంగా మడుస్తున్నాం. కార్డులు పగలడానికి కారణం ఇదైతే మనం కంపెనీని తిడుతుంటాం. నేను పెద్ద షీటు కొని నాకు కావలసిన దిక్కులో కోసుకుంటాను. మనకి దొరికే 22 అంగుళాలు × 28 అంగుళాల చార్టు షీటులో ఆ వీలుంది. జైపూర్ దగ్గర సాంగానేరులో బట్టల కత్తిరింపుల నుంచి చేసే చేతి కాగితానికైతే ఇలా ఒక దిక్కంటూ ఉండదు. ఎటు మడిచినా ఒకేలా ఒదుగుతుంది. శుభలేఖలకి నాకు అదే ఇష్టం.

అపోహ: గీత గీసిన వైపుకే మడవాలి

వద్దు. మడతకి ముందు రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పట్టుకుని గీత నొక్కుతాం కదా. నొక్కిన వైపు గాడి పడుతుంది, అవతలి వైపు సన్నటి గట్టు లేస్తుంది. ఆ గట్టు మడత లోపలికి రావాలి, గాడి బయటికి ఉండాలి. చూడటానికి తిరగేసినట్టు ఉంటుంది గానీ ఒకసారి రెండు విధాలా మడిచి పక్కపక్కన పెట్టుకుంటే మీ వేళ్ళే చెబుతాయి.

అపోహ: కత్తి మీద గట్టిగా నొక్కితే తిన్నగా తెగుతుంది

గట్టిగా నొక్కితే స్కేలు జరుగుతుంది, వేలు తెగుతుంది. తేలిగ్గా మూడు నాలుగు సార్లు లాగండి. కట్టరు బ్లేడు కొస మొద్దుబారగానే విరిచేయండి, అది ఉన్నదే విరవడానికి. అద్దం మీద పెట్టి కోయకండి, బ్లేడు పదును వెంటనే పోతుంది.

అపోహ: తెలుగు అక్షరాలు కార్డు మీద నప్పవు, ఇంగ్లీషే అందం

ఈ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పిల్లలు చేసే కార్డుల మీద కూడా పైన ఇంగ్లీషే ఉంటే ఎలా?

మన అక్షరాల్లో లోపం లేదు, వాటికి చాలినంత చోటివ్వడం మనకి తెలియలేదు. ఇంగ్లీషుకి వదిలినంత ఖాళీయే తెలుగుకీ వదిలితే పై వరస వత్తు వచ్చి కింది వరస గుడిని పొడుస్తుంది. 'జన్మదిన శుభాకాంక్షలు' రాసేటప్పుడు మకారం వత్తు, షకారం వత్తు కిందికి దిగుతాయి కాబట్టి వరసల మధ్య అక్షరం ఎత్తంత ఖాళీ వదులుతాను.

కాగితంలో అక్షరాలు కత్తిరించి అంటించేటప్పుడు ఇంకో చిక్కుంది. ప, ఫ, ష, స, హ అక్షరాలకి తలకట్టు విడిగా ఉంటుంది. కత్తిరించగానే తలకట్టు ఒక చోట, ఒళ్ళు ఒక చోట పడతాయి. రెంటినీ కలుపుతూ సన్నటి పట్టీ ఒకటి వదిలి గీసుకోవాలి. అక్షరాన్ని తొలిచి వెనక రంగు కాగితం పెట్టే పద్ధతిలోనైతే సున్న నడిమి చుక్క రాలిపోతుంది. అక్కడా పట్టీ వదలాలి. ఇవి చూసుకుని చేసిన తెలుగు పేరు గోడ మీద ఎంత నిండుగా ఉంటుందో! ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియాలో శుభలేఖలు అడిగే కుటుంబాలు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. రెండూ గుండ్రటి లిపులే, ఒకే కార్డు మీద అక్కాచెల్లెళ్ళలా ఒదిగిపోతాయి.

అపోహ: యాసిడ్ ఫ్రీ అని రాసుంటే ఫోటో ఎప్పటికీ చెడదు

యాసిడ్ లేని కాగితం తనంతట తాను పసుపుబారి పొడిపొడి కావడం బాగా తగ్గుతుంది, నిజమే. న్యూసుపేపరు పసుపుబారడానికి కారణం కలపలో ఉండే లిగ్నిన్, మంచి కాగితంలో అది తీసేస్తారు. కానీ ఎండకి రంగు వెలవడం వేరే సంగతి. కిటికీ ఎదురుగా తగిలిస్తే యాసిడ్ లేకపోయినా రంగు పోతుంది. పైగా వెనక పెట్టిన చవక అట్టలోంచి యాసిడ్ ముందున్న ఫోటోకి పాకుతుంది.

ఒకావిడ వాళ్ళ నాన్నగారి ఫోటో తెచ్చింది. ఆయనది ఇంట్లో ఉన్నది అదొక్కటే. "అప్పా (అక్కా), దీన్నే అంటించి ఫ్రేము చేసేయ్" అంది. నేను చేయనన్నాను. ముందు కలర్ ప్రింటు తీయించి, దాన్ని డిజైన్ కాగితం మీద పెట్టి ఫ్రేము చేశాను. అసలుది కవర్లో పెట్టి ఆవిడ చేతికే ఇచ్చేశాను. పాత ఫోటో వెనక జిగురు పూయడమంటే దాన్ని మళ్ళీ ఎప్పటికీ విడదీయలేకుండా చేయడమే. తప్పక అసలుదే పెట్టాలంటే నాలుగు మూలలకీ కాగితపు మూలలు చేసి వాటిలో దూర్చండి. ప్రింటు తీయించేటప్పుడు మూల మీద తడి వేలు రాసి చూడండి. రంగు పాకితే మన వానలకి అది నిలవదు. టోనరుతో, అంటే జిరాక్సు మిషన్లో వాడే పొడితో, తీసిన ప్రింటు పాకదు.

అపోహ: ఎన్ని డిజైన్లు కలిపితే అంత కళ

బరంపురం పట్టుచీర చూడండి. నడిమంతా సాదా, పనంతా అంచులోనే. కార్డుకీ అంతే. ఒక పెద్ద పూల డిజైను, ఒక సన్న గీతలో చుక్కలో, మిగతాది సాదా. అరచేయంత కార్డు మీద దుప్పటికి సరిపడే పువ్వు వేస్తే పువ్వు కనబడదు, రంగు మరకే కనబడుతుంది.

అపోహ: కాగితమే కదా, చెరువులో వదిలినా కరిగిపోతుంది

ఉత్త కాగితం నానిపోతుంది. కానీ మెరుపు కాగితం మీద మెరిసే పొడి చాలా మటుకు ప్లాస్టిక్కే. బంగారు రేకు కాగితం మీదున్నది కూడా కాగితం కాదు. ఇవి అంటించిన కార్డుని పాత కాగితాలవాళ్ళు తీసుకుంటారు గానీ మళ్ళీ కాగితంగా మారడం కష్టం.

దీన్ని గట్టిగా చెప్పడానికి కారణం కార్తీక పౌర్ణమి. ఆ తెల్లవారుజామున ఒడియా వాళ్ళు బొయితలు, అంటే చిన్న చిన్న పడవలు, నీళ్ళలో వదులుతారు. మన ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. ఒకే రేవులో రెండూ పక్కపక్కనే తేలుతుంటే చూడటం నాకు ఏడాదంతటిలో అన్నిటికంటే ఇష్టమైన ఘడియ. ఇప్పుడు అంగడి పడవలకి థర్మాకోల్ అడుగు, మెరుపు కాగితపు తెరచాప. పొద్దెక్కాక రేవులో మిగిలేది అవే.

నా దగ్గర నేర్చుకునే పిల్లలకి మేం చేయించే పడవ ఇది. అడుగుకి అరటి దొప్ప. పుల్లకి కొబ్బరి ఈనె. తెరచాపకి ఖాకీ కాగితం, దాని మీద బియ్యప్పిండి నీళ్ళతో వేసిన ముగ్గు. అతకడానికి ఆ పూట ఉడికించిన మైదా లై. దీపం పెట్టాలంటే తెరచాప లేని దొప్పలోనే, ఎందుకంటే కాగితం పక్కన ఒత్తి పెట్టడం ప్రమాదం. ఇంట్లో కాగితపు దీపపు బుట్టలకైనా ఇదే మాట, లోపల ఎల్ఈడీ బల్బు తప్ప ఇంకేదీ వద్దు. క్రితం ఏడాది మా పిల్లలు పద్దెనిమిది పడవలు చేశారు. రేవులో ఒక ఒడియా బామ్మగారు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తెరచాప మీద ముగ్గు వేలితో తడిమి చూసి, మళ్ళీ తానే నీళ్ళలో వదిలారు.