పేరుతో పాట కట్టించుకుంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మాది పాలకొల్లు. ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుని పెళ్లిళ్లకీ, ఓణీల ఫంక్షన్లకీ, షష్టిపూర్తులకీ పాటలు కట్టి ఇస్తాం. అడిగేవాళ్లలో మస్కట్, కువైట్‌లలో ఉంటున్న కోనసీమ వాళ్లు ఎక్కువ. సెలవు దొరక్క రాలేనివాళ్ల తరఫున ఆ ఇంట్లో వినిపించేది ఆ పాటే. అందుకే ఈ అపోహలు పోవాలని నా కోరిక.

అపోహ: పేరు చెబితే చాలు, పాట అయిపోతుంది.

వాస్తవం: అసలు కష్టం పేరుతోనే. నిదానమైన బాణీలో ‘రమ’ అని పెట్టి మొదటి అక్షరం సాగదీస్తే ‘రామ’ అయిపోతుంది. ‘భానుమతి’కి ఆ ఇబ్బంది లేదు. మొదటిది గురువు, తర్వాత మూడూ లఘువులు. తాళం దెబ్బ ‘భా’ మీద పడితే పేరు చక్కగా నిలుస్తుంది. కాబట్టి పేరు తెలిశాకే పల్లవి కట్టాలి. రెడీమేడ్ ట్రాక్‌లో పేరు అతికించిన పాటలు సరిగ్గా అక్కడే తేలిపోతాయి.

ఇక వివరాలు. “మా నాన్న చాలా మంచివారు, కష్టపడి పెంచారు” అని రాసి పంపితే అది ఏ నాన్నకైనా సరిపోతుంది. గోదావరి గట్టు, కొబ్బరిచెట్లు, పులస కలిపినా అంతే, అవి డెల్టాలో అందరివీ. ఆయన సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి రోజూ నరసాపురం పనికెళ్లేవారనీ, వచ్చేటప్పుడు చొక్కా జేబులో జీళ్లు తెచ్చేవారనీ చెప్పండి, చరణం మీ నాన్నదవుతుంది. నేనైతే మీ మేనత్తతో ఓ పది నిమిషాలు మాట్లాడించమంటాను. ఇంట్లోవాళ్ల ఊతపదాలు, ముద్దుపేర్లు ఆవిడకే బాగా గుర్తుంటాయి.

అపోహ: సినిమా బాణీలో మా మాటలు పెడితే తప్పేముంది, పెళ్లికే కదా?

వాస్తవం: పెళ్లిలో, ఊరేగింపులో సినిమా పాట వేసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. ఆ బాణీకి కొత్త మాటలు రాసి, రికార్డు చేసి అమ్మడానికి అది వర్తించదు. బాణీ మీద హక్కు సంగీత దర్శకుడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. యూట్యూబ్‌లో పెడితే హక్కుదారు నుంచి కాపీరైట్ క్లెయిమ్ పడే అవకాశమూ ఉంది. తెలిసిన బాణీయే కావాలంటే మన అప్పగింతల పాటలు, మంగళహారతులు ఉన్నాయి. తరతరాలుగా వస్తున్న ఆ వరసలు ఎవరైనా వాడుకోవచ్చు. వేరేవాళ్లు చేసిన రికార్డింగ్‌ని మాత్రం తీసుకోకూడదు.

అపోహ: ఏఐ ఉందిగా, ఇంకా డబ్బులెందుకు?

వాస్తవం: ఏఐతో నిమిషాల్లో పాట వస్తుంది, నిజమే. ళ, ణ, ఒత్తులు, ఇంటిపేర్ల దగ్గర తరచూ తప్పుతుంది. వాడినవాళ్లు వాడామని కస్టమర్‌కి చెప్పాలి. మనిషి పాడిందని చెప్పి అమ్మితే అది మోసమే.

అపోహ: ఇయర్‌ఫోన్స్‌లో బాగుంటే ఫంక్షన్ హాల్లోనూ బాగుంటుంది.

వాస్తవం: హాల్లో చాలాసార్లు మోనోలో, అంటే ఎడమ, కుడి శబ్దాలు రెండూ ఒకటిగా కలిపి వేస్తారు. గొంతు, వాయిద్యాలు కలిపిన మిక్స్‌ని మోనోలో విని సరిచూడకపోతే కొన్ని వాయిద్యాలు సన్నగిల్లొచ్చు, మాయమైపోవచ్చు కూడా.

అపోహ: డబ్బులిచ్చాం కాబట్టి పాట మొత్తం మాదే.

వాస్తవం: సాహిత్యం, బాణీ మీద హక్కు రాతపూర్వకంగా మీకు ఇస్తేనే మీది. ఆ కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. దుబాయ్‌లో ఉన్న అబ్బాయి తన ఛానెల్‌లో పెట్టుకోవాలంటే ఈ రెండూ అగ్రిమెంట్‌లో ఉండాలి. అడ్వాన్స్ కట్టకముందే అడగండి.