బందరు డచ్చి ఉత్తరాలు: కంటి చదువు నుంచి కంప్యూటర్ చదువు దాకా

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో, జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్న డచ్ ఈస్టిండియా కంపెనీ కాగితాలను అరల్లో వరసగా పేరిస్తే కిలోమీటరు దాటుతాయి. బందరు, పులికాట్, భీమిలి నుంచి వెళ్లిన ఉత్తరాలూ వాటిలోనే ఉన్నాయి. మొన్నమొన్నటి దాకా వాటిని చదవాలంటే మూడు కావాలి: హేగ్ దాకా వెళ్లే స్తోమత, 17వ శతాబ్దపు డచ్ భాష, ఆనాటి గుమాస్తాల గొలుసుకట్టు రాతకు అలవాటుపడ్డ కళ్లు. ఇప్పుడు ఒక ఊరి పేరు టైప్ చేస్తే ఆ ఉత్తరాల్లోని వాక్యాలు తెర మీదకు వస్తున్నాయి. దీన్ని కంప్యూటర్ చేసిన అద్భుతంగా చెప్పుకుంటున్నారు కానీ, దీని వెనక చాలా ఏళ్ల శిక్షణ ఉంది. చరిత్ర విద్యార్థులకు డిజిటల్ పద్ధతులు నేర్పాలన్న మాట మన దగ్గరా వినిపిస్తున్నప్పుడు ఆ దారి ఒకసారి చూడటం మంచిది.

కంపెనీ పుట్టింది 1602లో. 1606 నాటికి గోల్కొండ సుల్తాను అనుమతితో బందరులో వర్తక స్థావరం పెట్టుకుంది. వాళ్లకు కావలసింది మన బట్ట. నేటి ఇండోనేషియాలోని మొలుక్కా దీవుల్లో లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లు కోరమాండల్, అంటే మన తూర్పు తీరపు, బట్టలు అడిగేవారు. అందుకే కంపెనీ ఉద్యోగులు నేతగాళ్లకు ఇచ్చిన బయానా, అద్దకం ఖర్చు, గోల్కొండ స్థానిక అధికారి అయిన హవల్దారు అడిగిన నజరానా, వానలు పడని సంవత్సరం, అన్నీ రాసి బటావియాకు, అంటే నేటి జకార్తాకు పంపేవారు. ఓడ మునిగితే సమాచారం పోకుండా ఒక్కో ఉత్తరానికి చాలా నకళ్లు తీసేవారు. బటావియా నుంచి మళ్లీ నకళ్లు హాలండ్‌కు వెళ్లేవి. మనకు ఇంత కాగితం మిగలడానికి ఆ వర్తకుల భయమే కారణం అనిపిస్తుంది.

1799తో కంపెనీ కథ ముగిసింది కానీ కాగితాలు నిలిచాయి. హేగ్, జకార్తా, కొలంబో, చెన్నై, కేప్‌టౌన్ ఆర్కైవ్స్‌లో కలిపి సుమారు రెండున్నర కోట్ల పేజీలు మిగిలాయని లెక్క. 2003లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. చెన్నై ఉంది కదా, దగ్గరే కదా అనుకుంటాం. అక్కడి డచ్చి రికార్డుల్లో ఎక్కువ భాగం కొచ్చిన్ వైపువి. ఆంధ్ర తీరం సంగతులు కావాలంటే చూపు హేగ్ వైపే తిప్పాలి.

ఆ చూపు మొదట తిప్పినవాళ్లు బహు కొద్దిమంది. బెంగాలీ చరిత్రకారుడు తపన్ రాయ్‌చౌధురి హేగ్‌లో కూర్చుని డచ్చి రికార్డులు చదివి, 1605 నుంచి 1690 దాకా కోరమాండల్‌లో కంపెనీ వ్యాపారం మీద రాసిన పుస్తకం 1962లో వచ్చింది. ఓం ప్రకాశ్, సిన్నప్ప అరసరత్నం వంటివారూ ఇదే మార్గంలో నడిచారు. ప్రతి ఒక్కరూ భాషను, రాతను మొదటి అక్షరం నుంచి నేర్చుకోవలసిందే.

ఈ ఒంటరి సాధన తరగతి గదిలోకి వచ్చింది 2000 తర్వాత. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం 'టానాప్' అనే కార్యక్రమం కింద ఆసియా, దక్షిణాఫ్రికా పరిశోధక విద్యార్థులను పిలిపించి, పాత డచ్ భాషనూ పాత చేతిరాతనూ నేర్పి, పీహెచ్‌డీలు చేయించింది. ఆ తర్వాత అలాంటిదే 'ఎన్‌కంపాస్' అనే శిక్షణ కార్యక్రమం వచ్చింది. టానాప్ చేసిన మరో పని గురించి అంతగా చెప్పుకోరు: హాలండ్‌కు చేరిన ఉత్తరాల సంపుటాల్లో ఏ కాగితం ఎక్కడుందో చెప్పే డేటాబేస్ తయారు చేసింది. పేరు గడించే పని కాదు కానీ, తర్వాత జరిగినదానికి ఇదీ ఒక పునాది.

యంత్రం చేత చేతిరాత చదివించడం అచ్చు అక్షరాలను చదివించడం లాంటిది కాదు. గొలుసుకట్టు రాతలో అక్షరాన్ని విడదీయలేం కాబట్టి పంక్తి మొత్తాన్నీ ఒకటిగా చూపించి నేర్పాలి. ముందు మనుషులు వేల పేజీలను పంక్తి పంక్తిగా చదివి టైప్ చేస్తారు. ఆ బొమ్మ, ఈ పాఠం జతగా పెడితే యంత్రం రాత పోలికలు పట్టుకుంటుంది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన 'ట్రాన్స్‌క్రిబస్' అనే సాఫ్ట్‌వేర్ ఈ పనిని చరిత్రకారుల చేతికి తెచ్చింది. హేగ్ ఆర్కైవ్స్ దాన్నే వాడి లక్షల స్కాన్లు చదివించింది. 2022లో నెదర్లాండ్స్‌లోని హైగెన్స్ చరిత్ర పరిశోధన సంస్థ మొదలుపెట్టిన 'గ్లోబలైజ్' ప్రాజెక్టు 'లోఖి' అనే మరో సాఫ్ట్‌వేర్‌తో సుమారు 50 లక్షల పేజీల మీద పని పెట్టుకుంది. యంత్రానికి గురువులు పాత రాత చదవడం వచ్చిన మనుషులే. ఆ చదువు మానేసి నేరుగా కంప్యూటర్ కోర్సుకు పోదామనేవాళ్లు ఈ ఒక్క సంగతి గమనించాలి.

యంత్రం చదివాక కూడా టెన్షన్ తీరదు. పట్టికలు, అంకెలు, సిరా పాకిన అంచుల దగ్గర అది తడబడుతుంది. పైగా అది తప్పు చదివిన మాటను మనం ఎంత వెతికినా దొరకదు. దొరకలేదు కాబట్టి లేదని రాసేస్తే చరిత్రే తప్పవుతుంది. అందుకే ఇప్పటి శిక్షణలో సగం వెతకడం మీదే ఉండాలి: ఒక పేరును ఎన్ని రకాలుగా రాసి ఉంటారో ఊహించడం, దొరికిన ప్రతిసారీ అసలు బొమ్మ తెరిచి సరిచూసుకోవడం.

ఇక్కడ తెలుగువాళ్లకు సహజంగానే ఒక ఆసరా ఉంది. డచ్చి కాగితాల్లో పాలకొల్లు 'పాలికోల్', భీమునిపట్నం 'బిమిలిపట్నం', నిజాంపట్నం 'పెటపొలి'. 'నాగెల్‌వాంజె' అని కనిపించేది ఖమ్మం జిల్లా నాగులవంచ. 17వ శతాబ్దం రెండో సగంలో డచ్చివారు తీరం వదిలి అంత లోపలికి వెళ్లి స్థావరం పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్న ప్రోగ్రామర్‌కు ఆ పేరు వింటే ఏమీ తోచదు. ఆ మండలంలో తిరిగిన డిగ్రీ విద్యార్థికి ఇట్టే తడుతుంది.

డిజిటల్ పద్ధతులు సొంతంగా నేర్చుకోవడానికి 'ప్రోగ్రామింగ్ హిస్టోరియన్' పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లిష్, స్పానిష్, ఫ్రెంచ్, పోర్చుగీస్ భాషల్లో వస్తాయి, తెలుగులో లేవు. అయితే వెబ్‌లో పాఠం చదివినంత మాత్రాన పాత డచ్ రాదు. దానికి మనిషే ఎదురుగా కూర్చుని నేర్పాలి. కేరళ ఈ సంగతి ముందే గ్రహించింది. కేరళ చరిత్ర పరిశోధన మండలి 2021లో లైడెన్ విశ్వవిద్యాలయంతోనూ హేగ్ ఆర్కైవ్స్‌తోనూ 'కాస్మోస్ మలబారికస్' పేరుతో ఒప్పందం చేసుకుంది. మలబారు డచ్చి రికార్డులను డిజిటల్‌గా అందుబాటులోకి తేవడం, వాటిని చదవడానికి విద్యార్థులను తయారు చేయడం దాని ఉద్దేశం. డబ్బు కన్నా ముందు అక్కడ పట్టుదల కనిపించింది. మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది, అదే ఊళ్లో డచ్చి సమాధులూ, డచ్చివాళ్ల పేరు మీదున్న వలందపాలెమూ ఉన్నాయి. ఏటా ఓ పదిమందికి పాత డచ్, చేతిరాత, కాస్త డేటా పని కలిపి నేర్పే కోర్సు అక్కడ పెడితే ఎవరైనా కాదంటారా?