పశువుల పులిపిరి నుంచి ఆడపిల్లల టీకా దాకా

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు టీకా ఉందన్న మాట విశాఖలో ఇప్పుడు బాగానే వినిపిస్తోంది. పిల్లల డాక్టర్లు చెబుతున్నారు, తల్లులు వాట్సాప్ గ్రూపుల్లో ఒకరినొకరు అడుగుతున్నారు. ఆ మాటల్లో సగం ధర గురించి, సగం భయం గురించి. టీకా ఎక్కడి నుంచి వచ్చిందో, భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. రెండింటికీ చరిత్ర ఉంది. టీకా కథలో పశువుల పులిపిర్లది పెద్ద పాత్ర. భయం కథలో ఎక్కువ భాగం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, ఖమ్మం జిల్లాలో జరిగింది.

ముందు జబ్బు సంగతి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.27 లక్షల మంది ఆడవాళ్లకు కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. ఎక్కువమంది జబ్బు ముదిరాకే ఆసుపత్రికి వస్తారు. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తున్నా, తెల్లబట్ట వాసన వస్తున్నా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక నెలలు గడిపేస్తారు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడు రావడానికి ఇంకొకరు కావాలి. ఇంత చంపుతున్న ఈ జబ్బు నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఒక వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. దాని దగ్గర ఉన్నవి ఎనిమిది జన్యువులే.

ఇది అంటుకునే జబ్బేమో అన్న అనుమానం పాతదే. 1842లో ఇటలీలోని వెరోనా నగరపు మరణాల రికార్డులు తిరగేసిన రిగోని స్టెర్న్ అనే వైద్యుడు, ఈ క్యాన్సర్ పెళ్లైన ఆడవాళ్లలో ఎక్కువగా, క్రైస్తవ సన్యాసినుల్లో అరుదుగా ఉందని గమనించాడు. అసలు దోషి దొరకడానికి మరో 140 ఏళ్లు పట్టింది. 1970ల్లో చాలామంది హెర్పిస్ వైరస్‌ను అనుమానిస్తుంటే, జర్మనీలో హరాల్డ్ జుర్ హాజెన్ పులిపిర్లు తెచ్చే పాపిలోమా వైరస్‌ల వైపే పట్టుబట్టి చూశారు. 1983లో ఆయన బృందం కణితుల్లో హెచ్‌పీవీ-16 రకాన్ని, మరుసటి ఏడాది హెచ్‌పీవీ-18ని పట్టుకుంది. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది.

కానీ కణితిలో వైరస్ కనిపించినంత మాత్రాన అదే క్యాన్సర్ తెచ్చిందని చెప్పలేం. ఊరికే అక్కడ చేరి ఉండొచ్చు. దాని జన్యువులు కణం లోపల ఏం చేస్తున్నాయో చూపిస్తేనే కేసు రుజువైనట్టు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు రసవత్తరమైన భాగం ఇదే, జనానికి అతి తక్కువ తెలిసిన భాగం కూడా ఇదే.

పాపిలోమా వైరస్‌తో ఒక పెద్ద చిక్కుంది. ల్యాబులో గాజుపాత్రలో పెంచే మామూలు కణాల్లో అది తన జీవితచక్రాన్ని పూర్తి చేసుకోదు. చర్మం పొరలు పొరలుగా ఎదుగుతుంటేనే, ఆ ఎదుగుదలతో పాటే అదీ పెరుగుతుంది. అందుకని అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ లోవీ, పీటర్ హౌలీ, వాళ్ల సహచరులు పశువులకు పులిపిర్లు తెచ్చే వైరస్‌ను తీసుకున్నారు. దాని డీఎన్‌ఏ ముక్కను ఎలుక కణాల్లోకి పంపిస్తే ఆ కణాలు అదుపు తప్పి పెరుగుతాయని 1980లో చూపించారు. అంటే కణాన్ని మార్చే శక్తి ఏదో ఆ ముక్కలోనే ఉంది. ఇక ఏ జన్యువు ఏం చేస్తోందో ఒక్కొక్కటిగా విప్పి చూడొచ్చు.

వైరస్ జన్యువులు ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో ఎవరు చెబుతారన్న ప్రశ్న అప్పటికే బ్యాక్టీరియాను తినే వైరస్‌ల విషయంలో తేలింది. 1961లో పారిస్‌లో జాకబ్, మోనో జన్యువుల్ని ఆపే పదార్థం ఒకటి ఉంటుందని ప్రతిపాదించారు. 1967లో మార్క్ టాష్నీ లాంబ్డా అనే వైరస్ నుంచి అలాంటి ప్రొటీన్‌ను వేరుచేశారు, అది నేరుగా డీఎన్‌ఏకే అతుక్కుంటుందని చూపించారు. జన్యు నియంత్రణ మీద మనకున్న జ్ఞానంలో చాలా భాగం ఇలా వైరస్‌ల పుణ్యమే. వాటి జన్యువులు తక్కువ కాబట్టి తీగ లాగితే డొంక త్వరగా కదులుతుంది.

హౌలీ బృందం 1985లో పశువుల వైరస్‌లో అలాంటి నియంత్రణ జన్యువునే కనుక్కుంది. దాని పేరు ఇ-2. అది తయారుచేసే ప్రొటీన్ వైరస్ డీఎన్‌ఏలో ఒక నిర్దిష్టమైన చోట కూర్చుని మిగతా జన్యువుల పనిని పెంచుతుంది. రెండేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వాజ్ తియెరీ, మోషె యానివ్ ఇంకో సంగతి చూపించారు. అదే ఇ-2, మనుషుల హెచ్‌పీవీ-18లో ఒక చోట పనిని పెంచదు, అణిచేస్తుంది. అణిచేది ఏ జన్యువుల్నో కాదు, ఇ-6, ఇ-7లను. అసలు దొంగలు ఆ రెండే.

మన కణాల్లో ఆర్‌బీ అనే ప్రొటీన్ ఉంటుంది. అనుమతి లేకుండా కణం విభజన మొదలుపెట్టకుండా ఆపడం దాని పని. ఇ-7 వెళ్లి దాన్ని పట్టుకుంటుందని 1989లో తేలింది. ఆర్‌బీ పక్కకు తప్పుకోగానే కణం విభజనకు దిగుతుంది. ఇలా గాడి తప్పిన కణాన్ని గుర్తించి చంపేయడానికి పీ53 అనే ఇంకో కాపలా ప్రొటీన్ ఉంది. ఇ-6 దాన్ని కణంలోని చెత్త ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రాంగానికి అప్పగించేస్తుంది. ఇది 1990లో బయటపడింది. ఈ రెండు పరిశోధనల్లోనూ హౌలీ పేరుంది. రెండు కాపలాలనూ రెండే జన్యువులతో పడగొట్టడం చూస్తే ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అయినా హెచ్‌పీవీ సోకిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ రాదు. సోకినవాళ్లలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని తుడిచేస్తుంది. కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మామూలుగా వైరస్ డీఎన్‌ఏ గుండ్రటి ఉంగరంలా మన క్రోమోజోములకు దూరంగా ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆ ఉంగరం తెగి మన డీఎన్‌ఏలో అతుక్కుంటే, తెగేది తరచు ఇ-2 దగ్గరే. లాకు మనిషి లేని కాలువలా ఇ-6, ఇ-7లు అడ్డూ అదుపూ లేకుండా పారతాయి. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. వైరస్ సోకడానికీ క్యాన్సర్ రావడానికీ మధ్య 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది.

దీనికి రుజువు హీలా కణాల్లో దొరికింది. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే పేద నల్లజాతి మహిళ ఈ క్యాన్సర్‌తోనే చనిపోయింది. ఆమె కణితి నుంచి తీసిన కణాలు నేటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. వాటిలో హెచ్‌పీవీ-18 ఉంది. దశాబ్దాలుగా ఆగకుండా పెరుగుతున్న ఆ కణాల్లోకి ఇ-2 జన్యువును మళ్లీ పంపిస్తే ఇ-6, ఇ-7 మూగబోయాయి, పీ53, ఆర్‌బీ తిరిగి లేచాయి. కణాలు సాగి, చదునై, విభజన మానేసి ముసలివైపోయాయి. అంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు. హెన్రియెట్టా కణాలు తీసేటప్పుడు మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు.

టీకా ఇంకో జన్యువు నుంచి వచ్చింది. వైరస్ పైచిప్పను తయారుచేసేది ఎల్-1. ఆ ఒక్క ప్రొటీన్ తయారైతే చాలు, ముక్కలు వాటంతటవే అమరి ఖాళీ చిప్ప అవుతుందని 1990ల మొదట్లో తేలింది. ఆస్ట్రేలియాలో జియాన్ ఝౌ, ఇయాన్ ఫ్రేజర్ మొదట దీని మీద పనిచేశారు. అమెరికాలో జాన్ షిల్లర్, డగ్లస్ లోవీ ఆ చిప్పను చక్కగా నిలబెట్టింది మళ్లీ పశువుల పులిపిరి వైరస్‌తోనే. 2006లో మొదటి టీకా వచ్చింది. అందులో ఉండేది ఖాళీ చిప్ప. లోపల ఇ-6 లేదు, ఇ-7 లేదు, ఏ జన్యువూ లేదు.

పెద్దజాలరిపేట నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఒకరోజు తట్ట దించుతూ అడిగింది: "అమ్మగోరూ, మా మనవరాలికి ఆ సూది ఏయించమంటన్నారు. ఏయిస్తే రేపు పిల్లలు పుట్టరంట గదా?" పుడతారని చెప్పాను. మనవరాలి శరీరంలోకి వెళ్లేది వైరస్ కాదనీ, దాని వేషం మాత్రమేననీ, ఆ వేషాన్ని చూసి ఒళ్లు ముందే జాగ్రత్త పడుతుందనీ చెప్పాను. "మరి ఇప్పుడే ఎందుకమ్మా, పన్నెండేళ్ల పిల్లకి?" అంది. ఈ ప్రశ్నకు జవాబు కూడా జన్యు నియంత్రణలోనే ఉంది. వైరస్ ఎల్-1 జన్యువును పై పొరల్లోనే, ఆఖర్లోనే వాడుతుంది. ఒకసారి కింది పొరల్లో స్థిరపడ్డాక, అందులోనూ క్యాన్సర్‌గా మారాక, ఆ కణాలు ఎల్-1ను తయారుచేయవు. అప్పుడు టీకా నేర్పిన రక్షణకు గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు. అందుకే వైరస్ సోకే వయసు రాకముందే, 9 నుంచి 14 ఏళ్ల మధ్యలో వేయాలి.

ఇక ఖమ్మం. 2009 జులైలో పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో భద్రాచలంతో సహా మూడు మండలాల్లో సుమారు 14 వేల మంది బాలికలకు ఈ టీకా వేయించాయి. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని చెప్పింది. కారణాల్లో పాము కాటు, నీళ్లలో మునగడం, పురుగుల మందు లాంటివి ఉన్నాయి.

కానీ అదే విచారణలో ఇంకొకటి బయటపడింది. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల సంతకాలు లేవు, హాస్టల్ వార్డెన్లో హెడ్‌మాస్టర్లో సంతకాలు పెట్టారు. పిల్లలకు ఏదైనా అయితే నమోదు చేసే ఏర్పాటు కూడా సరిగ్గా లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. ఇక్కడ నా అభిప్రాయం స్పష్టం: టీకా మంచిది, వేసిన పద్ధతి అన్యాయం. తన బిడ్డకు ఏం వేస్తున్నారో తెలియని కోయ తల్లికి రేపు ఎవరు వచ్చి ఎంత మంచి సూది చూపించినా అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఆమె అనుమానాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే డాక్టర్లంటే నాకు కోపం వస్తుంది.

ఆ నిషేధంలోంచే ఒక పెద్ద విషయం పుట్టింది. అప్పటికి దేశంలో ఇంకో అధ్యయనం నడుస్తోంది. మూడు డోసులు కావాలా, రెండు చాలా అని తేల్చడానికి వేలమంది బాలికల్ని చేర్చుకున్నారు. 2010 ఏప్రిల్‌లో టీకాలన్నీ ఆగిపోవడంతో వాళ్లలో దాదాపు ఐదు వేల మందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి గమనించారు. 16, 18 రకాలు శరీరంలో పాతుకుపోకుండా ఆపడంలో ఒక్క డోసు కూడా 95 శాతం దాకా పనిచేస్తోందని 2021లో ప్రకటించారు. 2022 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక డోసు కూడా సరిపోతుందని చెప్పడానికి ఆధారమైన అధ్యయనాల్లో ఇదొకటి. అదే ఏడాది పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకాకు అనుమతి వచ్చింది. సిక్కిం అయితే 2018లోనే బడుల్లో పిల్లలకు వేయించింది.

టీకా వయసు దాటిపోయిన తల్లుల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశంలో రెండు శాతం కూడా లేరని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. ముఖద్వారం మీద పలచటి ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటిదే, అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. ఇ-6, ఇ-7ల చేతిలో పడి మారిన కణాలున్న చోట తెల్లటి మచ్చ తేలుతుంది. అంతకంటే కచ్చితమైనది హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో 1.3 లక్షల మంది మీద జరిగిన అధ్యయనంలో, జీవితంలో ఒక్కసారి ఆ పరీక్ష చేసి, అవసరమైనవాళ్లకు చికిత్స ఇస్తేనే ఎనిమిదేళ్లలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. పాజిటివ్ వస్తే క్యాన్సర్ వచ్చిందని కాదు, వైరస్ ఇంకా ఉందని. అప్పటికి మచ్చ దశలోనే ఉంటే ఆ చోటును చల్లబరిచో, వేడిచేసో తీసేస్తారు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. మనవరాలికి సూది వేయించడానికి వెళ్లే అమ్మా, అమ్మమ్మా ఆ రోజే ఈ పరీక్ష గురించి కూడా డాక్టరమ్మను అడగాలి.