అండమాన్ చెట్లు: అపోహలు - వాస్తవాలు

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) చుట్టుపక్కల అడవులు తిప్పి చూపించడం నా పని. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల ఇళ్లకు వచ్చే చుట్టాలు తరచూ అనే మాటలివి.

అపోహ: అండమాన్ అంటే కొబ్బరి చెట్లే.

పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనకున్నవి ఇక్కడి కొబ్బరి చెట్లే, కాదనను. కానీ అండమాన్‌లోని తోటలు చాలావరకు బ్రిటిష్ వాళ్లు వచ్చాక నాటినవి. నికోబార్‌లో మాత్రం కొబ్బరి పాత కాపే. రబ్బరు, ఆయిల్ పామ్ కూడా మనుషులు తెచ్చినవే. రాధానగర్ బీచ్‌కి వెళ్తే ఒక్కసారి సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. ఎదురుగా నిటారుగా లేచినవి సీ మహువా చెట్లు, మన సపోటాకి దగ్గరి బంధువులు. అసలు స్థానికులు అవీ.

అపోహ: పడాక్ అంటే ఎర్రచందనమే.

కాదు. రెండూ టెరోకార్పస్ ప్రజాతివే, మన వేగి కూడా అందులోదే. ముగ్గురికీ చుట్టరికం ఉందని కాయే చెబుతుంది: మధ్యలో గింజ ఉబ్బుగా, చుట్టూ పలుచని రెక్కతో, చిన్న అప్పడంలా ఉంటుంది. ఎర్రచందనం శేషాచలం, వెలికొండల రాతి నేలల్లో నెమ్మదిగా పెరుగుతుంది. పడాక్ సహజంగా పెరిగేది అండమాన్‌లోనే, చాలా భారీ చెట్టవుతుంది. చెక్క ఇటుక ఎరుపులో మెరుస్తుంది గానీ ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. అందుకే పాత కుర్చీ చూసి ‘నకిలీ’ అనేస్తారు! 1883లో మొదలైన చాథమ్ రంపపు మిల్లుకి వెళ్తే ఈ కలప దగ్గర్నుంచి చూడొచ్చు.

అపోహ: ఇంత లావుందంటే వెయ్యేళ్ల చెట్టే.

చాలా చెట్లకి మొదలు దగ్గర గోడల్లాంటి వేర్లు లేస్తాయి. వాటితో కలిపి టేపు చుడితే లెక్క ఎటో పోతుంది. మామూలుగా ఛాతీ ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర కొలుస్తాం. ఇలాంటి వాటికి మాత్రం ఆ గోడలు ఆగిన చోటికి పైన కొలవాలి. అలా కొలిచినా లావుని బట్టి వయసు చెప్పలేం.

అపోహ: తీరంలో ఎండిన మాన్లు ఎవరో నరికి వదిలేసినవి.

2004లో సునామీకి కారణమైన భూకంపానికి దక్షిణ అండమాన్ సుమారు మీటరు కుంగింది. ఉప్పునీళ్లు పైకొచ్చి తీరం చెట్లను చంపేశాయి. ఉత్తరాన తిరకాసు: అక్కడ నేల పైకి లేచి, ఆటుపోట్లు అందక మడ చెట్లు ఎండిపోయాయి.

మడ అడవి చూడాలంటే బారాటాంగ్ పడవ ప్రయాణం బాగుంటుంది. అక్కడికి వెళ్లే రోడ్డు జారవా ఆదివాసుల రిజర్వు గుండా పోతుంది, వాహనాలు గుంపుగా వెళ్తాయి, మధ్యలో ఆపడం నిషేధం. ఎంత గొప్ప చెట్టు కనబడినా ఫొటో కోసం ఆపమని డ్రైవర్ని అడగకండి.